నోరులేని జీవికి నొప్పి కలిగినప్పుడు
(అండమాన్ ద్వీపాలలోని మన కుటుంబాలకు పెంపుడు జంతువుల సమన్వయ చికిత్స గురించి కొన్ని విషయాలు)

మనిషికి నొప్పి కలిగితే చెప్పుకొనడానికి మాట ఉన్నది, వినడానికి వైద్యుడున్నాడు. మాట రాని పసిబిడ్డ సైతం ఏడ్చి తల్లికి తెలుపుకొంటాడు. పెంపుడు జంతువుకు ఆ పాటి సౌకర్యం కూడా లేదు. పైగా నొప్పిని దాచుకొనడం జంతుజాతికి ప్రకృతి నేర్పిన విద్య. అడవిలో కుంటుతూ కనిపించిన జంతువు మరొక జంతువుకు ఆహారమవుతుంది. మన క్వార్టర్ల వరండాలో పడుకొనే కుక్కలోను, బీరువా మీద ముడుచుకొని కూర్చొనే పిల్లిలోను ఆ పూర్వస్వభావం ఇంకా మిగిలి ఉన్నది. అందుచేతనే అది మెట్లెక్కడం మానివేసిన రోజున మనం “వయసు మీద పడింది” అనుకొని ఊరుకుంటాము. వయసు వ్యాధి కాదు. ఆ వయసు వెనుక తరచుగా ఉండేది కీళ్లనొప్పి. దానికి ఉపశమనం ఉన్నది.

ద్వీపాలలో పనిచేస్తున్న మన ఉద్యోగుల కుటుంబాలకు ఈ విషయం మరింత ముఖ్యమని మేము భావిస్తున్నాము. ప్రధాన భూభాగంలోని పెద్ద నగరాలలో పెంపుడు జంతువులకు ఎక్స్‌రే, స్కానింగ్, ఫిజియోథెరపీ సౌకర్యాలు ఒకచోట కాకపోతే మరొకచోట దొరుకుతాయి. పోర్ట్ బ్లెయిర్ నుండి విశాఖపట్టణానికి సుమారు పన్నెండు వందల కిలోమీటర్ల సముద్రం. ఓడలో రెండు మూడు రోజుల ప్రయాణం. నడవలేని ముసలి కుక్కను అంత దూరం చికిత్సకు తీసుకొనిపోవడం ఎంతమందికి సాధ్యం? కనుక స్థానిక పశువైద్యుని పర్యవేక్షణలో ఇంటివద్దనే ఏమి చేయవచ్చునో తెలుసుకొని ఉండడం అవసరం.

ద్వీపాలకు కుక్క వచ్చిన వైనం

అండమాన్ ఆదిమవాసులు వేల సంవత్సరాలు కుక్క అనే జంతువును ఎరుగకుండానే జీవించారు. 1858లో ఆంగ్లేయులు పోర్ట్ బ్లెయిర్‌లో ఖైదీల వలసను స్థాపించిన తరువాతనే కుక్కలు ఈ నేలపై కాలుమోపాయి. అడవిపందుల వేటలో వాటి ఉపయోగాన్ని గ్రహించిన ఆదిమవాసులు అనతికాలంలోనే వాటిని చేరదీశారు. ఆ తరువాత వలస వచ్చినవారు తమతో పాటు పెంపుడు జంతువులను తెచ్చుకొన్నారు. వారిలో మన తెలుగువారి సంఖ్య తక్కువ కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం ద్వీపాల జనాభాలో సుమారు 13 శాతం మందికి తెలుగు మాతృభాష. 2024లో శ్రీ విజయపురం అని పేరు మారిన పోర్ట్ బ్లెయిర్ వీధులలో శ్రీకాకుళం, విశాఖ యాసలు నేటికీ వినిపిస్తాయి.

ఈ ద్వీపాలకు ఒక విశిష్టత ఉన్నది. లక్షద్వీపాలతో పాటు అండమాన్ నికోబార్ దీవులు కూడా రేబిస్ లేని ప్రాంతంగా చిరకాలంగా పేరు పొందాయి. ఆ పేరు నిలబడాలంటే బయటి నుండి కుక్కను తెచ్చే ప్రతి ఒక్కరూ టీకాలు వేయించి, అవసరమైన పత్రాలను ముందుగానే సిద్ధం చేసుకొనడం విధి.

జంతువులకు వైద్యం మన దేశానికి క్రొత్త సంగతి కాదు. అశోక చక్రవర్తి తన రెండవ శిలాశాసనంలో మనుష్యులకు, పశువులకు వేరువేరుగా చికిత్స ఏర్పాటు చేసినట్లు, అందుకు కావలసిన ఓషధులను నాటించినట్లు ప్రకటించాడు. ఆ శాసనపు ప్రతి ఒకటి మన కర్నూలు జిల్లా ఎర్రగుడి బండలపై నేటికీ ఉన్నది. గుర్రాలకు శాలిహోత్రుడు, ఏనుగులకు పాలకాప్యుడు వైద్యశాస్త్ర కర్తలుగా ప్రసిద్ధులు. నేటి సమన్వయ చికిత్సకు మూలమైన దృష్టి ఇందులో కొంత కనిపిస్తుంది. ఆహారం, విశ్రాంతి, మర్దన, ఔషధం అన్నింటినీ కలిపి చూడడం ఆ దృష్టి.

నొప్పిని ఎలా గుర్తించాలి?

కుక్క మూలిగితేనే నొప్పి అనుకొనడం పొరపాటు. ఉదయం లేచిన వెంటనే నాలుగడుగులు బిగుసుకొని నడిచి, తరువాత సర్దుకొనడం కీళ్లనొప్పికి మొదటి సూచన. పడుకొనే ముందు పదేపదే తిరగడం, ఒకే కీలును నాకుతూ ఉండడం, ఎన్నడూ లేనిది పిల్లలు ముట్టుకొంటే గుర్రుమనడం, గుమ్మం దాకా ఎదురు రావడం మానివేయడం కూడా గమనించదగినవే.

పిల్లుల విషయం ఇంకా కష్టం. అవి కుంటవు. కదలడం తగ్గించుకొంటాయి. 2002లో అమెరికాలో ప్రచురితమైన ఒక అధ్యయనంలో పన్నెండేళ్లు దాటిన వంద పిల్లుల ఎక్స్‌రేలను పరిశీలించగా తొంభైయింటిలో కీళ్లు అరిగిన గుర్తులు కనిపించాయి. వాటిలో ఎన్నింటి యజమానులు ఆ సంగతి పసిగట్టి ఉంటారు? 2019లో కెనడాలోని మాంట్రియల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు పిల్లి ముఖాన్ని చూసి తీవ్రమైన నొప్పిని అంచనా వేసే పద్ధతిని రూపొందించారు. చెవులు పక్కలకు వాలడం, కన్నులు సగం మూసుకొనడం, మూతి బిగుసుకొనడం, మీసాలు నిటారుగా ముందుకు రావడం, తల భుజాల కంటె క్రిందికి దిగడం — ఈ అయిదింటిని చూస్తే చాలును. ఇంటి ఇల్లాలు సైతం నేర్చుకొనగల విద్య ఇది.

ఒక హెచ్చరిక. ప్రతి నొప్పీ కీళ్లనొప్పి కాదు. తేమ అధికంగా ఉండే ద్వీపాలలో గోమార్ల ద్వారా సోకే జ్వరాలకు అవకాశం ఎక్కువ. ఒకప్పుడు అండమాన్ రక్తస్రావ జ్వరమని పిలిచిన వ్యాధి లెప్టోస్పైరోసిస్ అని 1990లలో తేలింది. ఎలుకల ద్వారా, నిలువనీటి ద్వారా వ్యాపించే ఆ వ్యాధి కుక్కలకూ సోకుతుంది, వాటి నుండి మనుష్యులకూ సోకగలదు. జ్వరం, తిండి మానివేయడం, మూత్రపు రంగు మారడం కనిపిస్తే కాపడాలు, కషాయాలు అని ఇంట్లో కాలయాపన చేయరాదు. ముందు రోగనిర్ణయం, తరువాతనే ఉపశమనం.

సమన్వయ చికిత్స అనగా

ఆధునిక పశువైద్యాన్ని మధ్యలో నిలిపి, దానికి తోడుగా వ్యాయామం, నీటిలో నడక, మర్దన, కాపడం, సూదిచికిత్స, పథ్యం, పరీక్షకు నిలిచిన మూలికలు మొదలైన వాటిని కలుపుకొనడమే సమన్వయ చికిత్స. ఆధునిక వైద్యాన్ని త్రోసిపుచ్చే పద్ధతిగా దీనిని భావించరాదు. ప్రపంచ చిన్న జంతువుల పశువైద్య సంఘం 2014లో నొప్పి నివారణపై మార్గదర్శకాలను ప్రకటించి 2022లో సవరించింది. మందులతో పాటు మందులు కాని పద్ధతులకు కూడా ఆ మార్గదర్శకాలలో స్థానం లభించింది. నొప్పి ఒకే దారిలో రాదు గనుక ఒకే ఆయుధంతో పోదు.

మందులు: మేలు, కీడు

కుక్కల కీళ్లనొప్పికి పశువైద్యులు సాధారణంగా మెలాక్సికామ్, కార్‌ప్రొఫెన్ వంటి మందులను వ్రాస్తారు. అవి వాపును, నొప్పిని నిజంగా తగ్గిస్తాయి. అయితే మూత్రపిండాలు, కాలేయం, జీర్ణకోశం మీద వాటి ప్రభావం ఉండవచ్చును గనుక దీర్ఘకాలం వాడేటప్పుడు రక్తపరీక్షలు అవసరం.

ఇంట్లోని మందుల డబ్బా తెరవడమే అసలు ప్రమాదం. మనకు తలనొప్పికి పనికివచ్చే పారాసిటమాల్ పిల్లికి ఒక్క మాత్ర అయినా ప్రాణాంతకం కాగలదు. దానిని విరిచి నిర్వీర్యం చేసే శక్తి పిల్లి కాలేయానికి చాలినంత లేదు. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ కుక్కలకు కడుపులో పుండ్లు కలిగించి మూత్రపిండాలను చెడగొడతాయి. డైక్లోఫెనాక్‌కు మరొక చరిత్ర ఉన్నది. ఆ మందు వాడిన పశువుల కళేబరాలను తిని రాబందులు మూత్రపిండాలు చెడి మరణిస్తున్నాయని 2004లో వెల్లడి కాగా, 2006లో మన ప్రభుత్వం పశువులకు దాని వాడకాన్ని నిషేధించింది. 2023లో కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ కూడా ఆ జాబితాలో చేరాయి. ఒక జీవి నొప్పికి వేసిన మందు మరొక జాతి ఉనికికే ముప్పు తెచ్చిన ఈ ఉదంతం మనకు గుర్తుండవలసినది.

బరువు తగ్గించడమే మొదటి చికిత్స

ఖర్చు లేనిది, పల్లెలోనైనా ద్వీపంలోనైనా అందుబాటులో ఉన్నది, రుజువైనది అయిన చికిత్స ఒకటున్నది. అది బరువు తగ్గించడం. అమెరికాలో నలభై ఎనిమిది లాబ్రడార్ కుక్కలను జంటలుగా విడదీసి, ప్రతి జంటలో ఒకదానికి రెండవదాని కంటె 25 శాతం తక్కువ ఆహారం ఇస్తూ జీవితాంతం పరిశీలించారు. ఆ ఫలితాలు 2002లో వెలువడ్డాయి. మితంగా తిన్న కుక్కల మధ్యస్థ ఆయుష్షు 13 సంవత్సరాలు, రెండవ వర్గానిది 11.2 సంవత్సరాలు. కీళ్ల అరుగుదల కూడా మొదటి వర్గంలో ఆలస్యంగా ప్రారంభమైనది. స్థూలకాయం గల కుక్కలపై జరిపిన మరొక అధ్యయనంలో శరీరపు బరువు ఆరు శాతం తగ్గేసరికే కుంటుదనంలో మార్పు కనిపించినది. అనగా ముప్పై కిలోల కుక్కలో రెండు కిలోలైనా తగ్గకముందే తేడా తెలుస్తుందన్నమాట. మన ఇళ్లలో అందరి కంచాలలో మిగిలినదీ కుక్కకు చేరుతుంది. ప్రేమతో పెట్టే ఆ నాలుగు ముద్దలే దాని మోకాళ్లమీద భారమవుతున్నాయని పిల్లలకు తెలియజెప్పవలెను.

ద్వీపవాసులకు చేప సులభంగా లభిస్తుంది. కవళ్లు వంటి నూనె గల చేపలలో ఉండే ఒమేగా 3 కొవ్వులు కీళ్లవాపును కొంత తగ్గిస్తాయని పలు అధ్యయనాలు చెబుతున్నాయి. చేపను ముళ్లు తీసి, ఉప్పు కారాలు లేకుండా ఉడికించి, వైద్యుడు చెప్పిన మేరకే పెట్టవలెను. ఉల్లి, వెల్లుల్లి కుక్కలకు, పిల్లులకు రక్తహీనత కలిగిస్తాయి గనుక మన పులుసులోని చేప పనికిరాదు. బజారులో విరివిగా అమ్మే గ్లూకోసమైన్, కాండ్రాయిటిన్ మాత్రల విషయంలో 2022 నాటి ఒక సమగ్ర సమీక్ష నిరాశనే మిగిల్చింది. వాటి వల్ల ప్రయోజనం కనిపించలేదని, ఒమేగా 3 వైపే సాక్ష్యం మొగ్గుతున్నదని ఆ సమీక్ష సారాంశం.

నీటిలో నడక

స్వరాజ్ ద్వీపంగా పేరు మారిన హేవ్‌లాక్‌లో రాజన్ అనే ఏనుగు ఉండేది. అడవిలో దుంగలు లాగడానికి తెచ్చిన ఆ ఏనుగు పని ముగిసిన తరువాత సముద్రంలో ఈదుతూ ప్రపంచ ప్రసిద్ధి పొందింది. 2016లో తన అరవై ఆరవ యేట మరణించింది. అంతటి భారీ శరీరం నీటిలో దూదిపింజె వలె తేలడం చూసినవారికి నీటి చికిత్సలోని సూత్రం వేరే చెప్పనక్కరలేదు.

ఆ సూత్రాన్ని కొలిచి చూసినవారున్నారు. కుక్క వెనుకకాలి మడమ కీలు వరకు నీరు ఉంటే కాళ్లపై పడే భారం అసలు బరువులో 91 శాతం. మోకాలి వరకు ఉంటే 85 శాతం. తుంటి వరకు ఉంటే 38 శాతం మాత్రమే. అనగా ఇరవై కిలోల కుక్క తుంటిలోతు నీటిలో ఎనిమిది కిలోల కంటె తక్కువ భారంతో నడుస్తుంది. కీళ్లు నలగవు, కండరాలకు మాత్రం పని దొరుకుతుంది. విదేశాలలో గాజు తొట్టెలో నీరు నింపి, క్రింద కదిలే పట్టీ అమర్చి ఈ చికిత్స చేస్తారు.

చుట్టూ సముద్రం ఉన్న మనకు ఆ యంత్రం ఎందుకని అడగవచ్చును. ఇక్కడ జాగ్రత్త అవసరం. అండమాన్ తీరాలలో, మడ అడవుల పాయలలో ఉప్పునీటి మొసళ్లు ఉన్నాయి. హెచ్చరిక ఫలకం ఉన్న చోట, పాయ సముద్రంలో కలిసే చోట, తెల్లవారు జామున, మునిమాపున జంతువును నీటిలోకి దింపరాదు. స్థానికులు సురక్షితమని చెప్పే చోట, అలలు లేని వేళ, మెడపట్టీ చేతిలో ఉంచుకొని, మొదట అయిదు నిమిషాలకు మించకుండా నడిపించవలెను. ఉప్పునీరు త్రాగితే వాంతులు, విరేచనాలు, ఎక్కువైతే ప్రాణాపాయం. బయటకు రాగానే మంచినీటితో కడిగి చెవులు తుడవవలెను. వేసవిలో నగరానికి నీరందించే ధనిఖరి జలాశయం అడుగంటి కుళాయి నీటికి కటకట ఏర్పడుతుంది గనుక పట్టి ఉంచిన వాననీరు ఇందుకు పనికివస్తుంది. గుండెజబ్బు, మానని గాయం ఉన్న జంతువులకు నీటి నడక తగదు.

కాపడం, మర్దన

మన అమ్మమ్మల కాలం నాటి కాపడం ఇక్కడ కూడా ఉపయోగమే. పాతబడిన కీళ్లనొప్పికి వెచ్చదనం, క్రొత్తగా తగిలిన దెబ్బకు మొదటి రెండు మూడు రోజులు చల్లదనం అని గుర్తుంచుకొంటే చాలును. కాపడం గుడ్డను ముందుగా మన మణికట్టు లోపలివైపు ఆనించి చూసుకొని, పది పదిహేను నిమిషాలకు మించకుండా పెట్టవలెను. జంతువు లేచి పోదలచుకొంటే పోనివ్వవలెను.

మర్దనకు బలం అక్కరలేదు. అరచేతిని చదునుగా ఉంచి వీపు నుండి తొడల వైపు మెల్లగా నిమరడం, బిగిసిన కండరాన్ని వేళ్లతో చిన్న చిన్న వలయాలుగా రాయడం, ఆ పైన కీలును నొప్పి కలగని మేరకు ముడిచి చాపడం. నేరుగా వాచిన కీలుపై ఒత్తరాదు. కొబ్బరినూనె కొద్దిగా వాడవచ్చును. మనం వాడే నొప్పి బామ్‌లు, కర్పూరం, వింటర్‌గ్రీన్, నీలగిరి తైలాలు మాత్రం పనికిరావు. జంతువు ఒళ్లు నాకుకొంటుంది. పూసినదంతా కడుపులోకి పోతుంది. పిల్లులకు అది విషంతో సమానం.

సూదిచికిత్స, మూలికలు

చైనాలో పుట్టిన ఆక్యుపంక్చర్ పశువైద్యంలో కూడా స్థిరపడినది. దానికి సంబంధించిన అంతర్జాతీయ సంఘం 1974లో ఏర్పడినది. వెన్నుపూసల మధ్య మెత్తటి బిళ్ల జారి వెనుక కాళ్లు పడిపోయిన కుక్కలలో విద్యుత్తు కలిపిన సూదిచికిత్స మేలు చేసినట్లు 2010లో బ్రెజిల్ నుండి వెలువడిన అధ్యయనం ఆశాజనకమైనది. కీళ్లనొప్పి విషయంలో ఫలితాలు ఒకే తీరుగా లేవు. శిక్షణ పొందిన పశువైద్యుడు లభిస్తే ప్రయత్నించదగినది, లభించకపోతే బెంగపడవలసినది కాదు.

మూలికలలో శల్లకి పేర్కొనదగినది. తెలుగులో అందుగు అని పిలిచే చెట్టు బంక ఇది. 2004లో స్విట్జర్లాండ్‌లో ఇరవై తొమ్మిది కుక్కలకు ఆరు వారాలు ఇచ్చి చూడగా పెక్కింటిలో కుంటుదనం తగ్గినట్లు నమోదైనది. అయితే పోల్చి చూడడానికి మందు ఇవ్వని వేరొక వర్గం ఆ పరిశీలనలో లేదు. పసుపులోని సారం వాపును తగ్గించే గుణం కలదే గాని ప్రేగుల నుండి రక్తంలోకి చేరడం బహు స్వల్పం. మూలిక కూడా మందే. ఇతర మందులతో కలిసినప్పుడు దాని ప్రభావం మారవచ్చును గనుక వైద్యునికి చెప్పకుండా ఏదీ ఇవ్వరాదు.

ఇంటిలో చేయదగిన మార్పులు

వానాకాలంలో క్వార్టర్ల నేల నునుపుగా, తడిగా ఉంటుంది. కీళ్లనొప్పి గల కుక్కకు అది మంచుమీద నడక వంటిది. నడిచే దారి పొడవునా కొబ్బరిపీచు పట్టాలు పరచినట్లయితే కాలు జారదు. ఏడాదికి సుమారు మూడు వేల మిల్లీమీటర్ల వర్షం కురిసే చోట నేలచెమ్మ తగలని పడక అవసరం. పాత పరుపు ముక్కను చెక్క పీటపై వేస్తే చాలును. తిండిగిన్నెను మెడ వంచనక్కరలేని ఎత్తున ఉంచవలెను. మెట్ల వద్ద పొత్తికడుపు క్రింద తువ్వాలు చుట్టి ఎత్తిపట్టుకొంటే వెనుక కాళ్లకు ఊతం లభిస్తుంది. పిల్లి మట్టితొట్టె అంచు ఒకవైపు తక్కువగా ఉండవలెను. రోజుకు ఒకసారి దూరం నడిపించడం కంటె మూడుసార్లు కొద్దికొద్దిగా నడిపించడం మేలు.

ఒక నోటుపుస్తకంలో ప్రతిరోజూ నాలుగు సంగతులు వ్రాసి ఉంచవలెనని మా సూచన. ఉదయం ఎలా లేచినది, ఎంత దూరం నడిచినది, ఎంత తిన్నది, రాత్రి ఎలా నిద్రించినది. ఏ చికిత్స పని చేస్తున్నదో, ఏది చేయడం లేదో మన జ్ఞాపకం కంటె ఆ పుస్తకమే వైద్యునికి సరిగా చెబుతుంది. ఈ పని పిల్లలకు అప్పగిస్తే వారికి బాధ్యతా అలవడుతుంది.

బదిలీ ఉత్తర్వు వచ్చినప్పుడు

ఇప్పుడు కొంత కఠినమైన విషయం. మూడేళ్ల ద్వీప సేవ ముగిసి బదిలీ ఉత్తర్వు చేతికి అందగానే సామాను మూటలు కట్టడం మొదలవుతుంది. పడుచు కుక్కకు ఓడలో చోటు వెతుకుతాము. కుంటి కుక్క విషయం వచ్చేసరికి ఇంట్లో అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకొంటారు. “ఇక్కడే అలవాటు పడింది, ఎవరో ఒకరు అన్నం పెట్టకపోరు” అన్న మాట ఏ కాలనీలోనైనా వినిపించేదే. ఖాళీ అయిన క్వార్టరు గుమ్మం ముందు, తాళం వేసిన తలుపు వైపు చూస్తూ రోజుల తరబడి కూర్చొన్న కుక్కలను చూడని కాలనీ అరుదు.

అలా విడిచివెళ్లిన జంతువులలో ముసలివి, నొప్పితో ఉన్నవి ఎక్కువ. వాటిని వదిలించుకొన్నది కఠిన హృదయమని మేము అనుకోవడం లేదు. ఇక దీనికి చేయగలిగినదేమీ లేదన్న నిస్పృహయే చాలాసార్లు ఆ పని చేయిస్తుంది. చేయగలిగినది ఎంతో ఉన్నదని చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం. బరువు తగ్గి, నొప్పి అదుపులోకి వచ్చిన కుక్క ప్రయాణాన్ని తట్టుకొంటుంది. బదిలీ సూచన అందిన నాటి నుండే పశువైద్యుని కలిసి, టీకాల పత్రాలు, ఆరోగ్య ధ్రువీకరణ పత్రం, ఓడలో ఇవ్వవలసిన మందులు సిద్ధం చేసుకొనవలెను. ప్రయాణం నిజంగా అసాధ్యమైతే, బాధ్యత స్వీకరించే కుటుంబాన్ని ముందుగా వెతికి, ఆ నోటుపుస్తకాన్ని, మందులను, పడకను కూడా వారికి అప్పగించవలెను.

అన్ని ప్రయత్నాలు చేసిన తరువాత కూడా లేవలేక, తినలేక, నిద్రపోలేక తల్లడిల్లే స్థితి రావచ్చును. మంచి రోజుల కంటె చెడ్డ రోజులు ఎక్కువైనాయని నోటుపుస్తకమే చెబుతుంది. నొప్పి లేని మరణాన్ని ప్రసాదించడం కూడా పశువైద్యంలో ఒక చికిత్సయే. దానిని గురించి వైద్యునితో అడగడానికి సిగ్గుపడనక్కరలేదు. ఆ క్షణంలో ఇంటివారు ప్రక్కన ఉండడం, తల నిమరడం దానికి మనం చేయగల చివరి సేవ.

మన ఉద్యోగ జీవితంలో ఊళ్లు మారుతాయి, ఇళ్లు మారుతాయి, ఇరుగుపొరుగులు మారుతారు. సాయంత్రం కార్యాలయం నుండి అలసి వచ్చేసరికి ఏ ఊళ్లోనైనా ఒకే విధంగా తోక ఊపుతూ ఎదురు వచ్చే జీవి అది. ఆ జీవి ఎదురు రావడం తగ్గించిన నాడు, కారణమేమో కనుక్కొనవలసిన బాధ్యత మనది. ద్వీపాలలోని మన కుటుంబాలవారు ఈ వారంలో ఒకనాటి ఉదయం తమ పెంపుడు జంతువు నిద్ర లేచి వేసే మొదటి నాలుగడుగులను శ్రద్ధగా గమనించవలసినదిగా మా మనవి.